ఋషికుల్య ఒడ్డున మా బడి పిల్లలు

పిల్లల్ని ఓ రోజు ఎక్కడికైనా తిప్పుకొద్దామంటే మా బరంపురం వాళ్లకి చప్పున తోచేవి మూడే. గోపాల్‌పూర్ సముద్రం, తారాతారిణి కొండ, తప్తపాణి వేడినీటి బుగ్గ. ముప్ఫై ఏళ్లు సైన్సు టీచరుగా పనిచేసిన నేను కూడా మొదట్లో ఈ మూడింటి చుట్టూనే పిల్లల్ని తిప్పాను. పొద్దున్నే పులిహోర పొట్లాలు కట్టించడం, సాయంత్రం తలలు లెక్కపెట్టుకుని ఎవరిళ్లకి వాళ్లని చేర్చడం, మర్నాడు క్లాసులో దానిమీద వ్యాసం రాయించడం. నలభై వ్యాసాలు దిద్దితే నలభైలోనూ ఆఖరి వాక్యం ఒకటే, చాలా ఆనందించాం అని. ఏం చూసి ఆనందించారో ఒక్కరూ రాసేవారు కారు. నేనూ అడిగేదాన్ని కాదు.

ఆ తర్వాత ఋషికుల్యకి తీసుకువెళ్లడం మొదలుపెట్టాను. మా ఊరినుంచి గంట ప్రయాణం. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ పక్కనున్న ఇసుకతీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. ఒకటీ రెండూ కాదు. నాలుగైదు రాత్రుల్లో లక్షలు ఒడ్డెక్కి, గుడ్లు పెట్టి, తెల్లారేలోపు తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతాయి. ఇలా మూకుమ్మడిగా రావడాన్ని స్పానిష్ మాటతో 'అరిబాడా' అంటారు, రాక అని అర్థం. ఒడిశాలో అటువంటి తీరాలు మూడున్నాయి: గహీర్‌మఠ, దేవీ నది మొగ, మన ఋషికుల్య. గహీర్‌మఠ సంగతి 1974లో, ఋషికుల్య సంగతి 1994లో శాస్త్రజ్ఞుల కంటబడింది. కంటబడింది అని కావాలనే రాస్తున్నాను. చాలాకాలం నేను పాఠంలో 'కనుగొన్నారు' అని చెప్పేదాన్ని. ఆ మాట ఎందుకు మానేశానో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ తీరం పల్లెల్లో చాలామంది మనవాళ్లే. ఒడియావాళ్లు 'నోళియా'లని పిలిచే తెలుగు జాలరులు. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోదే కదా. రాష్ట్రం మారినా వాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. మనం పట్నంలో ఉగాదికి సభ పెట్టుకుని భాషని కాపాడుకుంటున్నాం అనుకుంటాం గాని, ఏ సంఘమూ లేకుండా ఇన్ని తరాలు దాన్ని నిలబెట్టుకున్నది వాళ్లు. ఇది కాస్త పక్కదారి. మళ్లీ అసలు విషయానికి వస్తాను.

2018 సంగతి. ఆ ఏడు ఫిబ్రవరి నెలాఖరులో తాబేళ్లు బాగా వచ్చాయి. గుడ్లు పిల్లలయ్యేందుకు దాదాపు యాభై రోజులు పడుతుంది, అంటే ఏప్రిల్ మధ్యకి. ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకువెళ్లడానికి అటవీశాఖవారి అనుమతి తెచ్చుకున్నాం. వెళ్లేముందు క్లాసులో పాఠం చెప్పాను. తల్లి తాబేలు వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి కూజా ఆకారంలో ఎలా తవ్వుతుందో, అందులో వంద పైచిలుకు గుడ్లు ఎలా పెడుతుందో, ఇసుక కప్పి తన ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ దిమ్మిస కొట్టినట్టు ఎలా గట్టిచేస్తుందో బొమ్మలు వేసి చూపించాను. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలూ తక్కువైతే మగపిల్లలూ పుడతాయంటే పిల్లలు నవ్వి నవ్వి చచ్చారు. ఒకడు మాత్రం, అయితే ఎండలు ఇలాగే పెరిగితే మగవి ఉండవా గురుమా అన్నాడు. మా వైపు టీచరమ్మల్ని గురుమా అంటారు. మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాను.

ఆ తర్వాత బల్ల మీద 'తాబేలుకి శత్రువులు' అని రాసి కింద వరసగా వేశాను. కుక్కలు, నక్కలు, కాకులు, గద్దలు, పీతలు. అన్నిటికన్నా పైన, పెద్దక్షరాల్లో, జాలరులు.

అందులో అబద్ధం ఉందని నాకు తట్టలేదు. తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరికి పైకి రావలసిందే. వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే మనిషి మునిగిపోయినట్టే అదీ చచ్చిపోతుంది. ఏటా మన తీరానికి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లలో చాలావాటికి కారణం ఇదే. కాబట్టి రాశాను. నాలుగో బెంచీ చివర కూర్చునే అబ్బాయి ఆ పల్లెల్లో ఒకదానివాడని నాకు తెలుసు. తెలిసి కూడా రాశాను. ఇన్నేళ్లయినా మింగుడుపడనిది అదే.

ఆ అబ్బాయి కథ కొంచెం చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల ఇల్లు పోయింది. అప్పటికే వాళ్ల పల్లెని సముద్రం ఏడాదికి కొంత చొప్పున కోసేస్తోంది. వాణ్ణి చదువు కోసమని బరంపురంలో మేనత్త ఇంట్లో పెట్టారు. చదువులో మధ్యరకం. మాట తక్కువ. ఒకసారి అటెండెన్సు వేస్తుంటే నేను తెలుగులో పలకరిస్తే ఉలిక్కిపడి, అటూ ఇటూ చూసి, ఒడియాలో జవాబిచ్చాడు.

పాఠం చెప్పిన మర్నాటినుంచి పిల్లలు వాణ్ణి 'కఇంఛ చోర' అనడం మొదలుపెట్టారు. కఇంఛ అంటే ఒడియాలో తాబేలు. తాబేళ్ల దొంగ అన్నమాట. నా చెవిన పడింది. పిల్లలన్నాక ఇవన్నీ మామూలే, రెండ్రోజుల్లో మరిచిపోతారనుకుని ఊరుకున్నాను. పెద్దవాళ్లం ఊరుకున్నప్పుడు పిల్లలు దాన్నెలా అర్థం చేసుకుంటారో టీచర్ని నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

తెల్లవారుజామున మూడింటికి బస్సు బయల్దేరింది. వాడు రాడేమో అనుకున్నాను. వచ్చాడు, ఆఖరి సీట్లో కూర్చున్నాడు. పట్నం పిల్లలందరి చేతుల్లోనూ టార్చిలైట్లే. తల్లులు కొనిచ్చి పంపారు, చీకట్లో పాములుంటాయని. కొందరి దగ్గర సెల్‌ఫోన్లు కూడా ఉన్నాయి. దారంతా పాటలు, కేకలు.

పల్లె దాటి తీరానికి చేరేసరికి ఇంకా చీకటే. బస్సు దిగి ఇసుకలోకి పదడుగులు వేశామో లేదో ఒక పిల్ల కెవ్వున అరిచింది. కాళ్లదగ్గర ఏదో కదిలిందట. అందరూ ఒక్కసారిగా లైట్లు వేశారు. చూస్తే నేలంతా కదులుతోంది. బొటనవేలంత తాబేలు పిల్లలు, బూడిదరంగువి, గాజుగోళీల్లాంటి కళ్లతో. ఇసుకలోంచి బుడబుడా పైకి ఉబికి వస్తున్నాయి. మా పిల్లల సంతోషం ఇంతా అంతా కాదు. అబ్బా, ఇటు చూడు, అదిగో, ఇదిగో. డ్రైవరుకి కూడా సరదా పుట్టి, బాగా కనపడుతుందని బస్సు హెడ్‌లైట్లు మావైపు తిప్పాడు.

అప్పుడు గమనించాను, అవి సముద్రం వైపు వెళ్లడం లేదు. మావైపు వస్తున్నాయి. బస్సువైపు, రోడ్డువైపు. వందలకొద్దీ.

పుస్తకంలో ఉన్న సంగతే. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి సముద్రం ఎటుందో తెలియదు. ఎటు వెలుతురెక్కువుంటే అటు పోతుంది. నక్షత్రాలూ చంద్రుడూ నీళ్లమీద మెరిసి, నేలవైపు చీకటిగా ఉండడం వల్ల ఎన్నో లక్షల ఏళ్లుగా వాటికి ఆ లెక్క తప్పలేదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కూడా నేను ఇచ్చాను దీన్ని. ఇచ్చినదాన్ని అక్కడ చేతిలో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను.

"లైట్లార్పండి! లైట్లార్పండ్రా! తొక్కీకండి, కదలకండి!"

తెలుగులో. అంత గట్టిగా ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ అబ్బాయి బస్సువైపు పరిగెత్తి డ్రైవరు చేత హెడ్‌లైట్లు ఆర్పించాడు. మిగతా పిల్లలకి తెలుగు రాకపోయినా అర్థమైంది. ఒక్కొక్కటే లైట్లారిపోయాయి. ఒక్కసారిగా చీకటి, సముద్రం చప్పుడు. ఎవరూ అడుగు కదపలేదు.

చీకట్లోంచి నలుగురైదుగురు మనుషులు బకెట్లూ వెదురుబుట్టలూ పట్టుకుని వచ్చారు. వాళ్లలో ఒకాయన వాడి తండ్రి, ఒకావిడ వాడి నాయనమ్మ. తాబేళ్లు పిల్లలయ్యే రోజుల్లో ఆ పల్లెవాళ్లు రాత్రంతా కాపలా ఉంటారట, కుక్కల్ని తోలడానికి, దారితప్పినవాటిని ఏరి నీళ్ల అంచున వదలడానికి. కొంతమందికి అటవీశాఖవారు కూలి ఇస్తారు, కొంతమంది ఊరికే వస్తారు. వాడు మాకు చెప్పాడు, ముందు చేత్తో ఇసుక తడుముకుని, ఏమీ లేదని తెలిశాకే అడుగెయ్యాలని. అలా వంగి, తడుముకుంటూ, బుట్టల్లోకి ఏరుకుంటూ, తూర్పు తెల్లబడేదాకా నలభైమందిమీ పనిచేశాం. నీళ్ల అంచుకి నాలుగైదు గజాల ఇవతలే వదలమన్నారు. కాస్త దూరం తన కాళ్లమీద తనే నడవాలిట. అల వచ్చి ఒక్కొక్కదాన్నీ వెనక్కి తోసేది. లేచి మళ్లీ నడిచేది. మా పిల్లల్లో ఎవరూ మాట్లాడలేదు.

తెల్లారాక చూస్తే, బస్సు చక్రాల దగ్గర చితికినవి ఏడు. మా అడుగుల్లో ఇంకెన్నో, నేను లెక్కపెట్టలేదు. ఒక పిల్ల లెక్కపెట్టింది గాని నేను ఆ సంఖ్య అడగలేదు.

నాయనమ్మ మాకు పఖాళ పెట్టింది, అంటే మన చద్దన్నమే, ఉల్లిపాయ నంజుడుతో. పులిహోర పొట్లాలు బస్సులోనే ఉండిపోయాయి. ఆవిడ ఎదురుగా కూర్చుని మాటల్లో పడ్డాక, పాఠం గురించి నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, దాచుకోలేకపోయాను. ఆవిడ కోప్పడలేదు.

"అబద్దమేటి రాసినావమ్మా? సచ్చిపోతన్నాయి గదా. మరైతే ఏ వల్లో సచ్చిపోతన్నాయో కూడా రాయాల గదా. మా పడవెంత, మా వలెంత? ఇంజను బోట్లు గంటలకొద్దీ ఈడుస్తాయి వల. నవంబరు కాడ్నించి మే నెల్లో ఆకరి దాకా ఈ మొగలో యేటకి ఎల్లకూడదన్నారు. ఏడు నెల్లు. మా మగోళ్లు కేరళ ఎల్లిపోతన్నారు, మద్రాసు ఎల్లిపోతన్నారు. అయి గుడ్లెట్టుకోడానికొత్తే మా గుంటలు ఊరొగ్గేసి పోవాల. అయినా కూర్మనాదుడమ్మా, ఏటంటాం?"

నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవీ, ఋషికుల్య మొగల దగ్గర ఒడ్డునుంచి 20 కిలోమీటర్ల దాకా చేపలవేట నిషేధమన్న సంగతి నాకు తెలియనిది కాదు. దాన్ని 'సంరక్షణ చర్యలు' అన్న శీర్షిక కింద మూడో పాయింటుగా చెప్పాను. ఆ మూడో పాయింటుని ఎవరు తిండి తగ్గించుకుని భరిస్తున్నారో చెప్పలేదు.

ఆవిడ చిన్నప్పుడు, అంటే చట్టాలూ శాస్త్రజ్ఞులూ రాకముందు, గుడ్లు తవ్వుకు తినేవాళ్లమని కూడా దాచకుండా చెప్పింది. కాని పెద్ద తాబేలు వలలో పడితే నుదుట పసుపు కుంకుమ పెట్టి వదిలేసేవారట. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో వాళ్లకి మొక్కుబడులున్నాయి. మా ఇంటివాళ్లకీ ఉన్నాయి. మా మామగారు చెప్పగా రెండుసార్లు వెళ్లొచ్చాం. కాని ఆ గుడిలో దణ్ణం పెట్టుకున్నప్పుడు ఈ తీరం నాకెప్పుడూ గుర్తుకి రాలేదు. నా మటుకు పురాణం ఒకచోట, సైన్సు ఒకచోట. ఆవిడకి రెండూ ఒకటే ఇసుకమీద ఉన్నాయి.

మర్నాడు క్లాసులో బల్లమీద నా జాబితా అలాగే ఉంది, సెలవు రోజని ఎవరూ తుడవలేదు. 'జాలరులు' అన్న మాట చెరిపేసి, ఏం రాయాలో తోచక చాక్‌పీసు ఆ అబ్బాయికి ఇచ్చాను. వాడు చాలాసేపు నిలబడి, 'వల' అని రాశాడు. దాని పక్కన 'లైటు' అని రాశాడు. తర్వాత చిన్న అక్షరాలతో, నావైపు చూసి, 'బస్సు'. పిల్లలు నవ్వలేదు. ఆ రోజునుంచి 'కఇంఛ చోర' వినపడలేదు గాని, నేను సంతోషించడానికి అందులో నా గొప్పేమీ లేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ యాత్రకి ముందు నాయనమ్మనే బడికి పిలిపించాం. టార్చిలైట్లు బడిలోనే వదిలి వెళ్లేవాళ్లం. బస్సుని కిలోమీటరు అవతల ఆపి నడిచేవాళ్లం. కొందరు తల్లిదండ్రులకి నచ్చలేదు, చీకట్లో పిల్లల్ని నడిపిస్తారా అని. నచ్చజెప్పడానికి నాకు ఎక్కువ ఓపిక ఉండేది కాదు.

నేను రిటైరయ్యాక మన సంఘం పిల్లల్ని తీసుకువెళుతున్నాను. 2023లో ఋషికుల్యలో 6 లక్షలకి పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఆ మరుసటి ఏడు, 2024లో, మూకుమ్మడి రాక అసలు లేదు. పిల్లలకి మాటిచ్చాను కనక అప్పుడూ వెళ్లాం. ఖాళీ ఇసుక. పిల్లలు నీరుగారిపోయారు. ఏమీ చూపించలేకపోయానే అని నాకూ మొహం చెల్లలేదు. పల్లెవాళ్లు మాత్రం ఎప్పటిలాగే కుక్కల్ని తోలుతూ తిరుగుతున్నారు, ఒంటరిగా ఒకటీ అరా వస్తాయేమోనని. ఆ రాత్రి మా పిల్లలు చూసినది ఆ మనుషుల్ని. ఆ ఏటి వ్యాసాలే అన్నిటికన్నా బాగున్నాయంటే నమ్మండి.

వేరే ఊళ్లలో ఉన్న మన పాఠకులు ఇంతదూరం రానక్కర్లేదు. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులే జనవరి మొదలు ఏప్రిల్ దాకా రాత్రిళ్లు తీరం వెంబడి నడిచి గుడ్లు ఏరి భద్రపరుస్తున్నారు. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా వేళాస్ పల్లెలో 2002 నుంచి ఊరివాళ్లే ఈ పని చేస్తున్నారు. యానాం వాళ్లకి కోరంగి మడ అడవులు పక్కనే, కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండులోనూ ఈ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఎక్కడికి వెళ్లినా ఆ ఊరివాళ్ల ఇంట్లో ఓ గంట కూర్చోకుండా మాత్రం రాకండి.

ఆ అబ్బాయి పదో తరగతి తర్వాత చదవలేదు. ఇంటిదగ్గర ఏడు నెలలు పనిలేకపోతే ఏంచేస్తాడు? చెన్నైలో ఒక ఇంజను బోటులో కుదిరాడు. అంటే నాయనమ్మ చెప్పిన, గంటలకొద్దీ వల ఈడ్చే బోటు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వెయ్యికి పైగా చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయని పేపర్లలో చదివి, వాడికి ఫోన్ చెయ్యాలో వద్దో తెలియక రెండ్రోజులు ఊరుకున్నాను. వాడే చేశాడు.

"టీచరమ్మగారూ, మా వల్లో పడ్డాయండి. మూడు. రెండు పోయాయి. ఒకటి పోయినట్టే ఉంది గాని, నేను వెనకభాగం ఎత్తి పెట్టి, తడిగోనె కప్పి ఉంచాను. సరంగు తిట్టాడు. సాయంత్రానికి కాలు కదిపిందండి. వదిలేశాను."

నీళ్లు మింగిన తాబేలుని అలాగే చెయ్యాలి. వెనకవైపు ఎత్తుగా ఉంచితే ఊపిరితిత్తుల్లోని నీరు కారిపోతుంది. వాడికది నేను నేర్పలేదు. వలలో కమ్మీల చట్రం బిగించి, తాబేలు జారిపోయేందుకు సందు పెట్టే సాధనం ఒకటుంది కదా, మీ బోటులో లేదా అన్నాను. ఉంటే చేపలూ జారిపోతాయని ఓనరు ఒప్పుకోడన్నాడు. నేనేమీ అనలేకపోయాను. వాడికి ఆ జీతం కావాలి.

ఆ ఫిబ్రవరిలో ఋషికుల్యలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అంతకుముందు ఎన్నడూ అన్ని రాలేదు. ఏప్రిల్‌లో సంఘం పిల్లలతో వెళ్లాను. నాయనమ్మకి కళ్లు సరిగా ఆనడం లేదు, అయినా బుట్ట పట్టుకుని కూర్చుంది. తెల్లవారుజామున ఫోన్ మోగింది. వాడే, బోటు ఇంకా బయల్దేరలేదట.

"వచ్చాయాండీ?"

వచ్చాయిరా, కాళ్లచుట్టూ ఉన్నాయి, ఉండు చూపిస్తానని ఫోన్ ఇసుకవైపు తిప్పబోయాను.

"అయ్యో, వద్దండి టీచరమ్మగారూ. ముందు ఫోన్ లైటు ఆర్పెయ్యండి. మాటలు వినపడితే చాలు."

ఫోన్‌ని కొంగులో చుట్టి నాయనమ్మ చెవి దగ్గర పెట్టాను.